చంటబ్బాయ్, సర్వపిండి, నేను పట్టుకున్న దొంగ!

‘చంటబ్బాయ్’ చిత్రం చూశారా? “చూశారా అని అడుగుతారేమిటండీ, ఎన్నిసార్లు చూశారని అడగండి!” అంటారు కదూ మీరు?

నిజమే. 1986లో వచ్చిన చిత్రం అది. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవల ఆధారంగా జంధ్యాల గారు తీశారు. చిరంజీవి గారు డిటెక్టివ్ పాండురంగారావు. ఇప్పటికీ టీవీలో వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుండిపోతారు. ఆ నవ్వుల మధ్య నేను మరిచిపోలేని సంగతులు రెండున్నాయి. ఒకటి శ్రీలక్ష్మి గారి పాత్ర. పత్రిక ఎడిటరు గారికి కవితలు వినిపించి, తను కనిపెట్టిన వంటలు తినిపించి ఆయన ప్రాణాలు తోడేస్తుందే, ఆవిడ! రెండోది, చేయని దొంగతనం మీద పడిన జ్వాలను (సుహాసిని గారు) మన పాండురంగారావు ఆ నిందలోంచి బయటపడేయడం.

మొదటిది వచ్చినప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాను. రెండోది వచ్చినప్పుడు మాత్రం మంచినీళ్ల వంకతో లేచి వెళ్లిపోతాను. ఎందుకంటారా? నేనూ ఒకప్పుడు డిటెక్టివ్‌నే. ఒక దొంగను పట్టుకున్నాను కూడా. ఆ కథే ఇది.

ఇట్లు, మానుకోట యుగంధర్

మాది జనగామ. మా చిన్నమ్మ వాళ్లది మహబూబాబాద్. మా వైపు పెద్దవాళ్లంతా మానుకోట అనే అంటారు. 2016 అక్టోబరు 11న రెండూ వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, నా చిన్నతనంలో రెండూ వరంగల్ జిల్లావే. జనగామలో రైలెక్కితే కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటి మానుకోటలో దిగాలి. అమ్మకూ చిన్నమ్మకూ మధ్య ఉన్న దూరం అంతే. ఆ దూరాన్ని దాటించేవి నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరాలు.

చిన్నమ్మకు పదో తరగతి కాగానే పెళ్లయింది. చదువు ఆగింది గానీ చదవడం ఆగలేదు. వాళ్ల వీధి చివర అద్దె పుస్తకాల షాపు ఉండేది. రోజుకు రూపాయి అద్దె. అక్కణ్నుంచి వారానికి రెండు డిటెక్టివ్ నవలలు చిన్నమ్మ వంటింటికి చేరేవి. ఆమె దేవుడు కొమ్మూరి సాంబశివరావు గారు. 1926లో పుట్టి 1994లో పోయిన ఆ రచయిత సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు... వీళ్లంతా చిన్నమ్మకు మేనమామ కొడుకులన్నంత దగ్గరివాళ్లు. మధుబాబు గారి షాడోను కూడా చదివేది గానీ, “గాయన కొట్లాటలు ఎక్కువ పెట్టుకుంటడు. మనకు ఆలోచన కావాలె” అనేది.

చిన్నమ్మ ఉత్తరాల్లో క్షేమ సమాచారాలు రెండు వాక్యాలకు మించేవి కావు. ఆ తర్వాత ‘ఈ వారం కేసు’. అంటే షాపుకు కొత్తగా ఏ నవల వచ్చింది, ఎవరు రాశారు, ఎన్నో పేజీలో శవం కనిపిస్తుంది, ఎక్కడ గుండె జల్లుమంటుంది, అన్నీ రాసేది. హంతకుడెవరో మాత్రం చచ్చినా చెప్పేది కాదు. “గది చెప్తే పాపం తగుల్తది” అనేది. దాని కింద ‘ఈ వారం వంట’. మా ఇళ్లల్లో నీసు వండరు. అందుకని అన్నీ పప్పులూ కూరలూ పులుసులే. చింతచిగురు పప్పు, పుంటికూర, మక్క గారెలు, పచ్చి పులుసు! పచ్చి పులుసుకు పొయ్యి అక్కర్లేదనుకునేవారు చిన్నమ్మ ఉత్తరం చదవాలి. చింతపండు చల్లనీళ్లలోనే పిసకాలట గానీ, పచ్చిమిరపకాయలు మాత్రం నిప్పుల మీద కాల్చి నలపాలట, వేయించిన నువ్వుల పొడి చల్లాలట, ఉల్లిగడ్డ ముక్కలు తినేముందు వేయాలట. “ఈ కేసులో అసలు నేరస్థుడు కాల్చిన మిరపకాయనే” అని రాసింది. చివర్న సంతకం, “ఇట్లు, మానుకోట యుగంధర్”!

“యుగంధర్‌కు రాజు ఉన్నడు, నాకు పోపుడబ్బా ఉన్నది” అని నవ్వేది.

చిన్నమ్మకు తెలియదు గానీ, వంటిల్లూ అపరాధ పరిశోధనా కలవడం లోకంలో ఉన్నదే. అగాథా క్రిస్టీ గారి మిస్ మార్పుల్ 1930లో తొలి నవలకెక్కింది. పల్లెటూరి ముసలమ్మ. ఉన్ని అల్లుకుంటూ, ఇరుగుపొరుగు ముచ్చట్లు వింటూ హంతకుల్ని పట్టేస్తుంది. రెక్స్ స్టౌట్ గారి నీరో వుల్ఫ్ భోజనప్రియుడు. ఆయన వంటలతో 1973లో ఒక వంటల పుస్తకమే వచ్చింది. 1982లో వర్జీనియా రిచ్ అనే ఆవిడ వంట బాగా తెలిసిన మహిళనే డిటెక్టివ్‌ను చేసి నవల రాసింది. అక్కడ ఇప్పుడు నవల్లో హత్యతో పాటు వంట కొలతలు కూడా అచ్చువేయడం ఒక ఆనవాయితీ. మా చిన్నమ్మ ఆ పనిని ఇన్‌లాండ్ లెటర్లో చేసింది!

నా మొదటి కేసు

1999 ఎండాకాలం. నాకు పదేళ్లు. చిన్నమ్మ దగ్గర్నుంచి తెచ్చుకున్న అట్టలు ఊడిన యుగంధర్ నవలలు అరడజను చదివేసి ఉన్నాను. దూరదర్శన్‌లో అంతకుముందు ఎప్పుడో చూసిన బ్యోమకేశ్ బక్షి అరకొరగా గుర్తున్నాడు. ‘చంటబ్బాయ్’ సరేసరి. ఇక నాకేం తక్కువ? మా నాయన పాత కళ్లజోడు పెట్టుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని ఇల్లంతా తిరిగేవాణ్ని. కేసే దొరకలేదు.

దొరికింది.

ఒక మధ్యాహ్నం అమ్మ ఉంగరం కనిపించలేదు. అమ్మమ్మ పెట్టిన ఉంగరం అది. మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒక అక్క వచ్చేది. పదిహేడేళ్లుంటాయేమో. నన్ను “తమ్మీ” అని పిలిచేది. సర్వపిండి చేసిన రోజు నా ముక్క చుట్టూ అంచులు కొరుక్కుతిని, చిల్లులున్న నడిమి భాగం ఆఖర్న తింటానని ఆట పట్టించేది.

ఆ రోజు ఆ అక్క చేతులకు కొత్త గాజులున్నాయి. నేను చూశాను. డిటెక్టివ్‌ను కదా!

“అమ్మా, గా కొత్త గాజులకు పైసలెక్కడియి?” అన్నాను.

అంతే. అంతకన్నా ఒక్కమాట ఎక్కువ అనలేదు. అక్కర్లేదు కూడా. అప్పటిదాకా అటకలు వెతుకుతున్న అమ్మ ఆగిపోయింది. సాయంత్రం ఆ అక్క రాగానే అదే మాట అడిగింది. వాకిట్లో ఇద్దరు ముగ్గురు పక్కింటివాళ్లు నిల్చుని ఉన్నారు.

“మా మేనమామ కొనిచ్చిండమ్మా” అంది ఆ అక్క.

ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే అన్ని మాటలూ అన్నట్టయింది. ఆ అక్క బొగ్గుపొడి చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు.

నేనైతే ఆ రాత్రి నోట్‌బుక్కులో ‘కేసు నంబర్ ఒకటి. పరిష్కారం’ అని రాసుకుని పడుకున్నాను.

ఉత్తరంలో మూడు ప్రశ్నలు

అమ్మ మనసు ఊరుకోలేదు. జరిగిందంతా చిన్నమ్మకు రాసింది. జవాబు ఐదో రోజుకు వచ్చింది. ఈసారి ‘ఈ వారం కేసు’ లేదు, ‘ఈ వారం వంట’ లేదు. మూడే ప్రశ్నలు.

ఆ రోజు ఏం వండినవ్? ఉంగరం ఏ వేలికి ఉండె? కొలిచినంక మిగిలిన సరుకు ఏ డబ్బాల పోసినవ్?

ఆ రోజు వండింది సర్వపిండి. మా ఓరుగల్లు వైపు ఇల్లిల్లూ చేసుకునేదే గానీ, తెలియనివారి కోసం చెబుతాను. రెండు గ్లాసుల బియ్యప్పిండికి గుప్పెడు నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, జీలకర్ర, కరివేపాకు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కారం, ఉప్పు. నీళ్లు చల్లుకుంటూ గట్టిగా పిసకాలి. సర్వ అంటే గుండ్రటి అడుగున్న గిన్నె. దాన్ని పొయ్యి మీద పెట్టకముందే నూనె రాసి, పిండిముద్దను అడుగునా పక్కలకూ పలచగా ఒత్తాలి. వేలితో నాలుగైదు చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి సెగన కాల్చాలి. తిప్పేది లేదు. ఒకవైపే ఎర్రగా కరకరలాడుతుంది. రెండోది ఒత్తాలంటే గిన్నె చల్లారేదాకా ఆగాల్సిందే. లేకపోతే చేయి కాలుతుంది.

ఇప్పుడు చెప్పండి, పిండి పిసికే ఆడమనిషి ముందు ఏం చేస్తుంది? ఉంగరం తీస్తుంది! తీసి ఎక్కడ పెడుతుంది? చేతికందిన గిన్నెలో. ఆ గిన్నెలో ఏముంది? కొలిచి పెట్టుకున్న నువ్వులు. పిండిలోకి రెండు చెంచాలు తీసుకున్నాక మిగిలినవి ఎక్కడికి పోతాయి?

అమ్మ ఉత్తరం చేతిలో పట్టుకునే వంటింట్లోకి పరుగెత్తింది. నువ్వుల డబ్బా చాటలో గుమ్మరించింది. టింగుమని చప్పుడు!

సినిమా అయితే ఇక్కడ బీజీఎం అదిరిపోవాలి. మా ఇంట్లో మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అమ్మ చాట ముందు అలాగే కూర్చుండిపోయింది. నేను నా నోట్‌బుక్కు తీసుకెళ్లి పరుపు కింద దాచాను.

కేసు ఎప్పుడు మూయాలి?

ఉంగరం దొరికిందని అమ్మ సంతోషంగా ఉత్తరం రాస్తే, మానుకోట యుగంధర్ రాసిన జవాబు నాకిప్పటికీ కంఠతా వచ్చు. “ఉంగురం దొరికితే సగం కేసే అయింది. పుస్తకంల అయితే ఆఖరి పేజీల యుగంధర్ అందరి ముంగట చెప్తడు, నిర్దోషి తలెత్తుకుంటది. మనింట్ల ఆఖరి పేజీ ఎవరు చదువుతరు? నలుగురి ముంగట అడిగినవ్ గద, నలుగురి ముంగట చెప్పిరా.”

అమ్మ వెళ్లింది. వేడివేడి సర్వపిండి ఆకులో చుట్టుకుని, ఆ రోజు వాకిట్లో నిల్చున్న పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకుని మరీ వెళ్లింది. “అనుమానపడ్డది నేనే, తప్పు నాదే” అని వాళ్ల వాకిట్లో నిలబడి చెప్పింది. నన్ను రమ్మంటే, జ్వరమొచ్చిందని ముసుగుతన్ని పడుకున్నాను. అమ్మ నా పేరు ఎత్తలేదు. ఆ అక్క తల్లి సర్వపిండి తీసుకుంది, మంచినీళ్లిచ్చింది. కూతుర్ని మాత్రం మళ్లీ పనికి పంపలేదు. ఎందుకు పంపుతుంది?

చూడండి, వెండితెర మీద డిటెక్టివ్ తప్పులో కాలేస్తే హాలంతా గొల్లుమంటుంది. 2019లో వచ్చిన ‘ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ’ మీరంతా చూసే ఉంటారు. నెల్లూరులో ‘ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్’ అని బోర్డు పెట్టి నవీన్ పొలిశెట్టి చేసే హడావుడికి నేనూ ఈలలు వేశాను. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే తల్లి సంగతి దగ్గరకొచ్చేసరికి గొంతు పట్టేసింది. చిరంజీవి గారి పాండురంగారావయినా అంతే, ఎంత అల్లరి చేసినా చివరికి ఒక అమ్మాయి మీద పడ్డ మచ్చ తుడుస్తాడు. అందుకే వాళ్లు హీరోలు. నేను చేసింది తిరగేసిన పని. మచ్చ లేని మనిషికి మచ్చ పెట్టాను. ఆధారం? కొత్త గాజులు. పేదింటి పిల్లకు కొత్త గాజులుంటే అది ఆధారమైంది. అవే గాజులు మా అక్క చేతికి ఉంటే నా భూతద్దం అటు తిరిగేదా?

శరదిందు బందోపాధ్యాయ 1932లో మొదలుపెట్టిన బ్యోమకేశ్ బక్షి తనను డిటెక్టివ్ అంటే ఒప్పుకోడు, సత్యాన్వేషి అనమంటాడు. పెద్దయ్యాక గానీ నాకు ఆ తేడా తెలియలేదు. దొంగను వెతికేవాడికి ఎవరో ఒకరు దొరుకుతారు. సత్యాన్ని వెతకాలంటే ముందు తన ఇంటి నువ్వుల డబ్బా చూసుకోవాలి. పత్రికలకు రాసుకుని బతికేవాణ్ని. ఎవరి గురించైనా ఒక మాట కాగితం మీద పెట్టేముందు ఆ డబ్బా చప్పుడు నాకు వినిపిస్తుంది.

భూపాలపల్లి బస్టాండు పక్కన

ఇది జరిగి పాతికేళ్లు దాటింది. ఆ అక్కకు పెళ్లయి ఎటో వెళ్లిందని విన్నాను. వెతకలేదు. వెతకాలన్న ధైర్యం రాలేదు అనడం నిజం.

ఈ మధ్య భూపాలపల్లి వెళ్లాల్సి వచ్చింది. సింగరేణి బొగ్గుబావుల్లో పనిచేసేవాళ్లు షిఫ్టు దిగి సినిమాకు ఎప్పుడు వెళ్తారు, ఏం చూస్తారు అన్న వ్యాసం కోసం. అటు రైలు లేదు. హనుమకొండలో బస్సెక్కి పరకాల దాటాలి. చెల్పూరు కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించాయంటే దగ్గర పడ్డట్టే. దిగేసరికి సాయంత్రమైంది. ఆకలి. బస్టాండు పక్కన ఒక టిఫిను బండి. మొదటి షిఫ్టు దిగివచ్చిన వాళ్లు చుట్టూ మూగి ఉన్నారు. నువ్వులు వేగిన వాసన. సర్వపిండి!

ప్లేటు తీసుకుని ఓ పక్కన నిలబడి తింటున్నాను. బండి దగ్గరున్న ఆవిడ గరిటె ఆపి నా వంకే చూస్తోంది.

“జనగామ గదా మీది?”

ఉలిక్కిపడ్డాను. “అవునండీ. ఎట్ల తెలుసు?”

“అంచులన్నీ కొరికి, చిల్లులది ఆఖరికి తినేటోడు ఒక్కడే నాకు తెలుసు” అంది.

చూశారా! ముప్పై ఏళ్లు దాటిన నా మొహంలోంచి పదేళ్ల పిల్లవాణ్ని పట్టేసింది. యుగంధర్ కూడా చేయలేడు ఆ పని.

ఏం మాట్లాడాలో తెలియలేదు. అమ్మ బాగుందా అని అడిగింది. బాగుందన్నాను. వాళ్లాయన బావిలో పనిచేస్తాడట. కొడుకు హైదరాబాదులో చదువుతున్నాడట. రద్దీ తగ్గేదాకా ఆగాను. అప్పుడు చెప్పాను.

“అక్కా, గా గాజుల మాట మా అమ్మది కాదు. నేనే అన్న.”

“ఎరుకే” అంది, మూత తీసి లోపల కాలిందో లేదో చూస్తూ. “గోడవతల గిన్నెలు తోముతున్న. ఇన్న. మీ అమ్మ ఊకెనే తనమీద ఏసుకున్నది.”

నాకు ముద్ద దిగలేదు.

“మీ అమ్మ అచ్చింది మా ఇంటికి. నువ్వు రాలె” అంది. కోపంగా కాదు. ఎన్ని ప్లేట్లయ్యాయో లెక్క చెప్పినట్టు.

“తప్పయింది అక్కా.”

“గా మాటకు ఇన్నేండ్లు పట్టిందా తమ్మీ?”

తమ్మీ అంది. నా ప్లేటులో ఇంకో ముక్క వేసింది. జేబులోంచి డబ్బు తీస్తే వద్దంటుందేమో అనుకున్నాను. అనలేదు. రెండు ప్లేట్ల లెక్కా తీసుకుని, చిల్లర ఎంచి చేతిలో పెట్టి, “ఎవరికన్నా ఇంకోటి?” అంటూ వెనక ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

ఆ రాత్రి మానుకోటకు ఫోను చేశాను. చిన్నమ్మకు డెబ్బై దాటాయి. కళ్లకు శుక్లాల ఆపరేషను అయింది. అద్దె పుస్తకాల షాపు ఏనాడో పోయింది గానీ ఆవిడ దగ్గర అట్టపెట్టె నిండా యుగంధర్ ఇంకా ఉన్నాడు. ఇన్‌లాండ్ ఉత్తరాల బదులు ఇప్పుడు వాట్సాప్‌లో గొంతు పంపిస్తుంది. వంటకూడా, కేసుకూడా. జరిగిందంతా చెప్పాను.

“పైసలు తీసుకున్నదా?” అని అడిగింది.

“రెండు ప్లేట్లకూ తీసుకుంది చిన్నమ్మా.”

“మంచిగైంది. ఊకెనే పెట్టి పంపితే నువ్వు మాఫీ అయిందనుకుందువు. ఇగ కేసు మూసుకో.” కాసేపు ఆగింది. “గది సరే గానీ, అసలు సంగతి చెప్పు. పిండిల నువ్వులు ఎక్కువేసిందా, తక్కువేసిందా?”